చప్పట్లు కొట్టామట

మిరపకాయలకు తొడిమలు తీసే ఆడవాళ్ళ పిల్లలు తల్లి చెయ్యి పట్టుకోరు. పట్టుకుంటే మంట. సబ్బుతో కడిగినా, మజ్జిగలో ముంచినా, కొబ్బరినూనె రాసినా వేళ్ళలోకి దిగిన ఘాటు తెల్లారేదాకా పోదు. ఆ చేత్తో పిల్ల కళ్ళు తుడిచామంటే ఇక వీధంతా వినపడేలా ఏడుపు. అందుకని మా పిల్లలకు నడక రాగానే మోచెయ్యి పట్టుకోవడం అలవాటు చేస్తాం. మా హెప్సిబా ఏడో తరగతికి వచ్చినా సరే, మిర్చి యార్డు రోడ్డు దాటేటప్పుడు నా ఎడమ మోచెయ్యి వదిలేది కాదు. లారీ హారను వినపడితే దాని గోళ్ళు నా చర్మంలోకి దిగేవి.

ఆ గోళ్ళు గుచ్చుకోవడం మానేశాక గాని నాకు తెలియలేదు, నా పిల్లకు బళ్ళో ఏదో చేశారని.

నాకు భయం ఎక్కువ. ఆ సంగతి మా వీధిలో అందరికీ తెలుసు. మా ఆయన ఇశ్రాయేలు యార్డులో హమాలీ. కాస్త ఆలస్యమైతే చాలు, పేర్చిన బస్తాలు మీద కూలాయేమోనని సందు చివరిదాకా ఎదురెళ్తాను. పిల్ల రెండుసార్లు తుమ్మితే ఆసుపత్రి మంచం కళ్ళముందు కనిపిస్తుంది. నన్ను చేసేటప్పుడు దేవుడు నీళ్ళు చాలక మట్టిలో భయం పోసి కలిపాడని మా ఆయన ఎగతాళి. నవ్వుకోనీ. నా భయంలోనే ఈ పిల్ల పెరిగింది. మెట్లమీద పడలేదు, నూతిలో పడలేదు, వేడినూనె మీద పోసుకోలేదు.

సీజను మొదలై రోడ్డు పొడుగునా మిర్చి బస్తాల లారీలు బారులు తీరిన రోజులవి. ఆ ఉదయం పిల్లను బళ్ళో దింపి అటునుంచటే పనిలోకి పోదామని బయలుదేరాను. మా మున్సిపల్ స్కూలు రోడ్డుకు అవతల ఉంటుంది. రోడ్డు అంచుకు రాగానే అలవాటుగా మోచెయ్యి కాస్త వెనక్కి పెట్టాను. పట్టుకునే చెయ్యి రాలేదు. తిరిగి చూసేసరికి హెప్సి రోడ్డు మధ్యలో ఉంది. పరుగు లేదు, తొట్రుపాటు లేదు, మా వసారాలో నడిచినట్టు నడుస్తోంది. లారీ దానికి జానెడు దూరంలో కీచుమంటూ ఆగింది. టీకొట్టు దగ్గర కూర్చున్నవాళ్ళంతా లేచి నిలబడ్డారు. డ్రైవరు కిందికి దిగి నా ఏడుతరాలనూ తిట్టాడు. నేను ఉన్నచోటనే కూలబడ్డాను.

పిల్ల అవతల నిలబడి నన్ను వింతగా చూసింది. "ఆగింది గదమ్మా," అంది. "ఎందుకంత వణుకుతున్నావు?"

ధైర్యం చేసే పిల్ల మొహం ఎలా ఉంటుందో నాకు తెలుసు. పెదవి బిగుసుకుంటుంది, ఊపిరి ఆగుతుంది, కళ్ళు పెద్దవవుతాయి. దీని మొహంలో అవేమీ లేవు. తోడుకున్న పెరుగులా కదలకుండా ఉంది.

ఆ సాయంత్రం జడ వేయడానికి కూర్చోబెట్టినప్పుడు కుడిచెవి వెనక చూశాను. కందిగింజంత మేర చర్మం తెల్లబడి ఉంది. ఏమిటే ఇది అని అడిగితే దాచకుండా చెప్పింది. బళ్ళో పొద్దున ప్రార్థన కాగానే అందరికీ చెవి వెనక బిళ్ళ అంటిస్తారట, ఇంటికి వచ్చేటప్పుడు తీసేస్తారట. దాని పేరు అభయ బిళ్ళ. అది ఉంటే బోర్డు దగ్గరికి పిలిచినా భయం వేయదట. మరి నాకెందుకు చెప్పలేదే అంటే, చెప్తే భయపడతావని అంది.

మర్నాడు పని మానుకొని బడికి పోయాను.

హెడ్మిస్ట్రెస్ శకుంతల గారు చెడ్డమనిషి కాదు. మధ్యాహ్నం భోజనంలో గుడ్డు చిన్నదైతే వంటవాళ్ళతో పోట్లాడే మనిషి. నన్ను కూర్చోమని, మీరంతా ఒప్పుకున్న విషయమే కదమ్మా అంది. ఎప్పుడు ఒప్పుకున్నామండీ అంటే, టేబులు మీది తెర నావైపు తిప్పి వీడియో పెట్టింది.

దసరా సెలవుల తర్వాత జరిగిన పేరెంట్స్ మీటింగు అది. పట్టణ విద్యా మండలి నుంచి వచ్చిన ఆఫీసరు మైకు ముందు నిలబడి కాగితం చదువుతున్నాడు. నాడీ ఉద్దీపన అంటాడు, అభ్యసన భీతి నివారణ అంటాడు. చదవడం అయిపోయింది. హాలంతా చప్పట్లు. ముందు వరుసలో ఆకుపచ్చ చీరలో అందరికన్నా గట్టిగా కొడుతున్న మనిషిని ఎక్కడో చూశానే అనుకున్నాను. నేనే.

మా దగ్గర మీటింగంటే అంతే. మైకులో మాట ఆగితే చప్పట్లు కొడతాం. ఆగినందుకు కొడతాం, చెప్పినదానికి కాదు. కూలి పోగొట్టుకొని వచ్చినవాళ్ళం, త్వరగా వదిలిపెడితే చాలుననుకుంటాం. పైగా శకుంతల గారే పక్కన నిలబడి గట్టిగా, ఇంకా గట్టిగా అంటుంది. ఆ చప్పట్లను పట్టుకెళ్ళి, తల్లిదండ్రులు హర్షధ్వానాలతో ఆమోదించారని రాసుకున్నారు.

మండలి నియమాలు ఆమె చదివి వినిపించింది. సభ ఆమోదం ఊరందరి ఆమోదం కింద లెక్క. బడి ఏడాది చివర వార్షిక సభ జరిగేదాకా అది చెల్లుతుంది. ఈలోపు ఎవరికి వారు వెనక్కి తీసుకోవడానికి లేదు. తల్లిదండ్రులకు తెలుసుకునే హక్కు ఉంది, ఆపే హక్కు లేదు.

"ఎవరి పిల్లండీ అది?" అన్నాను.

"గేటు లోపల ఉన్నంతసేపు బడి పిల్ల, సువార్తా," అంది ఆవిడ, చాలా మెల్లగా.

నా ఒళ్ళు మండిపోయింది. పిల్ల తలలో పేలు ఉంటే కబురు పెడతారు. జూపార్కుకు తీసుకెళ్ళాలంటే సంతకం అడుగుతారు. యూనిఫాం కుట్టు ఊడిపోతే పిలిపించి చీవాట్లు పెడతారు. లోపలున్న భయాన్ని తీసేయడానికి మాత్రం చప్పట్లు చాలాయి. ఆ మాటే అన్నాను. ఆవిడ నన్ను పాత సైన్సు గదికి పంపింది. నీకు తెలుసుకునే హక్కు ఉంది కదా, వెళ్ళి తెలుసుకో అని.

సైన్సు గదిలో ఒక మూల ఇంకా అస్థిపంజరం బొమ్మ నిలబడి ఉంది. మిగతా అంతా కొత్త తెరలు, తీగలు. అక్కడి డాక్టరు పేరు నీరజాక్షి. బిళ్ళ కనిపెట్టిన బృందంలో ఆమె ఒకరు. సన్నగా, కళ్ళజోడుతో, నలిగిన నూలుచీరలో ఉంది. నన్ను సువార్త గారూ అని పిలిచింది. నా బతుకులో నన్ను గారూ అన్నది ఓట్లు అడిగినవాళ్ళే గనుక, వెంటనే అనుమానం వచ్చింది.

ఆమె పాఠం చెప్పలేదు, చూపించింది. మా హెప్సి తరగతిలో ఒక పిల్లవాణ్ణి బోర్డు దగ్గరికి పిలిచారు. ఈ గదిలో తెరమీద వాడి గుండె గీత గబగబా పైకి లేచింది. చిన్న టిక్కుమనే చప్పుడు. గీత వెంటనే పడుకుంది. వాడు సుద్దముక్క తీసుకొని లెక్క చేసేశాడు. గుండె అదరగానే, అరచెయ్యి చెమర్చగానే బిళ్ళకు తెలుస్తుందట, పిల్లకన్నా ముందే. చెవి వెనక నరాన్ని ఒక్కసారి మీటుతుందట. భయం పుట్టకముందే పోతుంది. బోర్డు భయంతో బడి మానేసిన పిల్లలు ఎంతమంది ఉన్నారో మీకు తెలుసా అని ఆమె నన్నే అడిగింది. నాకు తెలుసు. తొమ్మిదిలో మానేసినదాన్ని నేనే.

న్యాయంగా చెప్పాలి. ఇదివరకు ఇంగ్లీషు పాఠం పైకి చదవమంటే మా పిల్లకు ఆ రోజు జ్వరం వచ్చేది. ఈమధ్య ఇంట్లో గిన్నెలు తోముతూ కూడా పైకి చదువుతోంది. నాకు సంతోషంగానే ఉండేది. అందుకే ఇంకా కోపం. ఆ ధైర్యం పిల్ల తనంతట తెచ్చుకున్నదనుకున్నాను.

"సాయంత్రం తీసేస్తే భయం మళ్ళీ వచ్చుద్దా అండీ?"

"రావాలి," అంది డాక్టరు.

ఆ మాట మాకు బాగా తెలుసు. మేస్త్రీని కూలి అడిగితే అదే అంటాడు.

లారీ సంగతి చెప్పాను. ఆమె తెరమీద ఏదో వెతికి, కాస్త ఇబ్బందిగా, మీ పాపకు మోతాదు మిగతావాళ్ళకన్నా ఎక్కువ పెట్టాల్సి వచ్చిందని చెప్పింది. ఇంటినుంచి మోసుకొచ్చే భయం ఎక్కువగా కనబడిందట.

"ఇంటినుంచి అంటే ఏందండీ?"

ఆమె కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "మీ నుంచే, సువార్త గారూ."

అంటే నా పిల్లకు నేనే జబ్బు. తొమ్మిది నెలలు మోసి, జ్వరమొస్తే రాత్రుళ్ళు కాపలా కాసి, రోడ్డు దాటించి, అన్నం చల్లారబెట్టి పెంచినదంతా వీళ్ళ తెరమీద ఒక రోగం పేరు. కుర్చీలోంచి లేచాను. లేచినదాన్ని మళ్ళీ కూర్చున్నాను.

"నాక్కూడా పెట్టండి. తెలుసుకునే హక్కుందన్నారుగా."

ఆమెకు ఇష్టం లేదు. కానీ నియమం వాళ్ళదే. చెవి వెనక చల్లగా ఏదో అంటుకుంది. నేను కావాలని చెడ్డ విషయాలు తలుచుకున్నాను. బస్తాలు కూలడం, పిల్ల రోడ్డు మీద ఉండడం. గుండె లేవబోయింది. టిక్కుమంది. అంతే.

ఎలా ఉందంటే, కరెంటు పోగానే ఇంట్లో ఫ్యాను చప్పుడు ఆగిపోతుంది చూడండి, అప్పటిదాకా చప్పుడు ఉందని కూడా మనకు తెలియదు. నాకు పుట్టిననాటినుంచీ తిరుగుతున్న ఫ్యాను ఆగిపోయింది. ఎంత హాయి. మా ఆయన ఎక్కడున్నాడో అనిపించలేదు. ఇంటికి తాళం వేశానా అనిపించలేదు. కిటికీ దగ్గరికి జరిగి కూర్చున్నాను.

ఎదురుగా పై అంతస్తు వరండా. ఆటల పీరియడు మొదలైనట్టుంది. హెప్సి పిట్టగోడ ఎక్కి, కాళ్ళు బయటికి వేసి కూర్చుంది. కింది సజ్జా మీద పడిన షటిల్ కాక్ అందుకోవడానికి ఒక చేత్తో గోడ పట్టుకొని ముందుకు వంగుతోంది. అది నా పిల్లేనని నాకు తెలుసు. కింద సిమెంటు నేల ఉందనీ తెలుసు. దాని రిబ్బను వదులైంది, సాయంత్రం కట్టాలి అనుకున్నాను.

నా వెనక కుర్చీ పడిన చప్పుడు. డాక్టరు చెప్పుల్లేకుండా పరుగెత్తింది. మెట్లమీద ఆమె కేక నాకు వినిపించింది. వరండాలోకి వచ్చి, పిల్లను నడుము పట్టి లోపలికి లాగింది. ఇద్దరూ వెనక్కి పడ్డారు. నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. సినిమా బాగుందన్నట్టు.

ఆమె తిరిగొచ్చి నా చెవి వెనక బిళ్ళ తీయబోతే రెండుసార్లు జారింది. కాసేపటికి భయం తిరిగొచ్చింది నాకు. దాచిపెట్టినదంతా ఒక్కసారిగా. ఆ గదిలోని సింకులో వాంతి చేసుకున్నాను. అస్థిపంజరం బొమ్మను పట్టుకొని నిలబడ్డాను.

"మీరు కదల్లేదు," అంది ఆమె, ఆయాసపడుతూ.

"మీరు కదిలారు. మీ చెవెనక బిళ్ళ లేదు గనక."

ఆమె పడిన కుర్చీని లేపి నిలబెట్టింది. మోతాదు తగ్గించమని పైకి రాస్తానంది. రాసింది కూడా. పైనుంచి వచ్చిన జవాబు ఏమిటో తెలుసా? సాయంత్రం బిళ్ళ తీసేయడం వల్లనే ఈ చిక్కులు, ఇళ్ళలో తల్లుల భయం తగిలి బడి చేసిన మేలు చెడిపోతోంది, కాబట్టి వార్షిక సభలో పాత ఆమోదం కొనసాగించి, ఇక మీదట ఇంట్లో కూడా బిళ్ళ తీయకుండా ఉండేలా తీర్మానం చేయించండి అని. నిద్రలో కూడానట. పీడకలకు భయపడి అమ్మా అని లేచే పిల్ల కూడా మాకు ఉండకూడదట.

మా ఆయన బడి మాన్పిద్దామన్నాడు. ప్రైవేటు బళ్ళు మా అందుబాటులో లేవు. హెప్సి మాననంది. "నాకు లెక్కలొస్తన్నాయి నాన్నా. భయం లేకపోతే బాగుంది," అంది. అది అబద్ధం కాదు. నేనూ ఆ హాయి రుచి చూసినదాన్నే. దానికి నేనేం చెప్పను? నువ్వు పడిపోబోయావే అంటే, పడ్లేదుగా అంటుంది.

ఇక నాకు మిగిలింది మిరపకాయల గుట్ట చుట్టూ కూర్చునేవాళ్ళే. మా షెడ్డులో తొడిమలు తీసే ఆడవాళ్ళలో సగంమంది పిల్లలు ఆ బళ్ళోనే. పక్కపక్కన కూర్చొని, మూతికి గుడ్డ కట్టుకొని పని చేస్తూనే అందరికీ చెప్పాను. అందరూ నమ్మలేదు. కోటేశ్వరి కొడుకు వీధికుక్క నోట్లో చెయ్యి పెట్టి కరిపించుకున్నాడు, అయినా ఆమె వాదించింది. వాడు మొదటిసారి లెక్కల్లో పాసయ్యాడని. ఇంకొకామె, నీకు ముందే భయం జాస్తి, నీ మాట వింటే మేం గడప దాటలేమంది. నేను గొడవ పడలేదు. ఒక్కటే అడిగాను. సభలో మాట ఆగాక చేతులు ఒళ్ళో పెట్టుకొని కూర్చోండి. వద్దని అరవక్కర్లేదు, లేచి మాట్లాడక్కర్లేదు. ఎవరూ మనల్ని పనిలోంచి తీసేయరు. వాళ్ళు చప్పట్లు రాసుకుంటారు గదా, రాసుకోవడానికి ఏమీ ఇవ్వొద్దు.

కోటేశ్వరి గుప్పెడు కాయలు గిల్లింది. తర్వాత నవ్వింది.

"చప్పట్లు కొట్టకపోతే చాలంటే, ఈ చేతులకి అంతకన్నా సుఖం ఏముందే సువార్తా. కొట్టినప్పుడల్లా చచ్చేంత మంట."

పేరెంట్స్ కమిటీ ఛైర్మను బాజీ. బడి గేటు దగ్గర టీకొట్టు అతనిదే. ఎవరో అతని చెవిన వేశారు. నన్ను ఆపి, అమ్మా, నీ భయానికి బడినంతా ఎందుకు ముంచుతావు అన్నాడు. మీ కొట్టు ముందే లారీ ఆగింది గదా బాజీ గారూ, మీ చేతిలో గ్లాసు ఎందుకు పడిపోయింది అని అడిగాను. అతను స్టవ్ మంట సరిచేసుకున్నాడు.

సభరోజున హాలు నిండింది. ఆడవాళ్ళం ముందు వరుసల్లో, పిల్లలు పక్కన నేలమీద. వేదికమీద ఆఫీసరు, శకుంతల గారు, బాజీ, చివర్న డాక్టరు నీరజాక్షి. ఆ ఉదయమంతా నాకు ఇదే బెంగ, అలవాటు చెడ్డది, ఎవరో ఒకరు కొడతారు, ఒకరు కొడితే అందరివీ లేస్తాయి. నా చేతుల్నే నేను నమ్మలేదు. తొడల కింద పెట్టుకొని వాటి మీద కూర్చున్నాను.

ఆఫీసరు చదివాడు. అయిపోయింది. కాగితం మడిచి నవ్వుతూ తల ఎత్తాడు.

ఫ్యాన్లు తిరుగుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు.

శకుంతల గారు తనే రెండుసార్లు కొట్టి, మావైపు చూసి ఆగిపోయింది. బాజీ చేతులు గాల్లోకి లేచాయి. రెండో వరుసలో ఉన్న భార్య చూసిన చూపుకు అవి అట్నుంచటే గడ్డం గోక్కోవడానికి వెళ్ళాయి. ఆఫీసరు డాక్టరువైపు తిరిగాడు. ఆమె తన చేతులు ఒళ్ళో ఒకదాన్నొకటి పట్టుకొని వాటినే చూస్తూ కూర్చుంది. అప్పుడు శకుంతల గారు పిల్లలవైపు తిరిగి, పిల్లలూ చప్పట్లు అంది. చిన్నచిన్న చేతులు లేవడం చూశాను. పిల్లలు కొట్టినా వీళ్ళు రాసుకుంటారు.

హెప్సి లేచి నిలబడింది. చెవి వెనక బిళ్ళ తెల్లగా కనపడుతోంది.

"మా అమ్మావాళ్ళు కొట్టలేదు గదండీ," అంది, నేరుగా ఆఫీసరు మొహంలోకి చూస్తూ. "వాళ్ళు కొట్టకుండా మేం కొడితే అది వాళ్ళు ఒప్పుకున్నట్టా?"

గొంతు వణకలేదు. ఆ మాట బిళ్ళ అనిపించిందో, నా కూతురే అన్నదో నాకు ఇప్పటికీ తెలియదు. లేచిన చేతులు మాత్రం ఒకటొకటిగా కిందికి దిగాయి.

ఆఫీసరు కోపంగా ఏదో రాసుకొని కారెక్కాడు. కొత్త ఆమోదం లేకపోతే పాతది కూడా సభతోనే చెల్లకుండా పోతుంది. మమ్మల్ని కట్టేసిన నియమమే అది. ఆ సాయంత్రం పిల్లలందరి బిళ్ళలూ డాక్టరు తన చేత్తోనే తీసింది. హెప్సి బిళ్ళ తీసేటప్పుడు, మళ్ళీ వస్తుందా అండీ అని అడిగాను. ఈసారి రావాలి అనలేదు. నాకు తెలియదమ్మా అంది.

వేసవంతా నా మోచెయ్యి ఖాళీగానే ఉంది. పిల్ల వీధిలోకి వెళ్ళినప్పుడల్లా వెనకే పరుగెత్తాను. అరచేతికి గుడ్డ చుట్టుకొని దాని మణికట్టు పట్టుకొని నడిచాను. ఒకళ్ళు చప్పట్లు విని తీసుకున్నదాన్ని తిరిగివ్వమని ఎవరిని అడగాలి? మండలిలో ఎవరూ నా ఫోను ఎత్తలేదు. డాక్టరు మాత్రం అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చి పిల్ల నాడి చూసి, టీ తాగి వెళ్ళేది.

బడి తెరిచిన రోజు. మళ్ళీ అదే రోడ్డు. కోల్డ్ స్టోరేజీలో దాచిన మిరపకాయ దింపే లారీ ఒకటి మలుపులోంచి హారను కొడుతూ వచ్చింది. అలవాటుగా మోచెయ్యి వెనక్కి పెట్టాను, ఎవరూ పట్టుకోరని తెలిసీ. గోళ్ళు దిగాయి.

"ఏందే?" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

"ఏం లేదమ్మా." దాని పెదవి బిగుసుకుని ఉంది. "భయమేసింది."

ఈ ఏడు ఇంగ్లీషు పాఠం చదవమంటే మళ్ళీ జ్వరమొస్తుందేమోనని అప్పుడే నాకు బెంగ మొదలైంది. భయపడకు అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. లారీ పూర్తిగా వెళ్ళేదాకా ఇద్దరం అక్కడే నిలబడి, తర్వాత దాటాం.

షెడ్డులో గుట్ట ముందు కూర్చున్నాక చూసుకుంటే మోచేతిమీద గోళ్ళ గాట్లు ఎర్రగా ఉన్నాయి. మిరప దుమ్ము తగిలి మండాయి. మజ్జిగ రాయమంటావా అని కోటేశ్వరి అడిగింది.

వద్దన్నాను. మండనిచ్చాను.